అడంగల్ చిరిగినంత మాత్రాన మడి పోదు

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ముప్పాతిక వంతు డిస్కు పార్టిషన్ల గొడవే. పార్టిషన్ అంటే డిస్కులో హద్దు గీసి విడదీసిన ముక్క. ఎండాకాలం సెలవుల్లో పిల్లలు లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించడం మొదలుపెడతారు, పెద్దవాళ్లు అటక మీది పాత డిస్కులు దించుతారు. ఆషాఢం వచ్చేసరికి నాకు చేతినిండా పని.

మా నాన్న పాకాల దగ్గర ఒక పల్లెకు కరణం. 1984లో ప్రభుత్వం ఆ ఉద్యోగాలు రద్దు చేసేదాకా మా ఇంట్లో బియ్యం డబ్బా పక్కన అడంగల్ పుస్తకాలు ఉండేవి. తర్వాత నేను తిరుపతిలో ఒక కాలేజీ కంప్యూటర్ ల్యాబు 22 ఏళ్లు చూసుకున్నాను కానీ, పార్టిషన్ టేబుల్ అనగానే ఇప్పటికీ నా కళ్ల ముందుకొచ్చేవి ఆ పుస్తకాలే. ఫలానా సర్వే నంబరు, విస్తీర్ణం ఇంత, వేసిన పంట ఇది అని అందులో ఉండేది. ఇక్కడా అంతే: ఫలానా సెక్టారు (డిస్కులో ఒక చిన్న గడి) దగ్గర మొదలు, పొడవు ఇంత, రకం ఇది. పీసీల్లోకి ఈ లెక్క 1983లో పీసీ డాస్ 2.0 అనే ఆపరేటింగ్ సిస్టమ్‌తో వచ్చింది. మా ఇంట్లోంచి పుస్తకాలు వెళ్లిపోవడానికి ముందు ఏడాది!

కమాండ్లను పలికినట్టే తెలుగులో రాస్తున్నాను. కొట్టేటప్పుడు చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టుకోండి.

ప్రశ్న: మేడం గారూ, తిరుచానూరు రోడ్డులో నాకు ఫొటో స్టూడియో ఉంది. లినక్స్ మింట్ వాడతాను. మూడేళ్ల పెళ్లి ఫొటోలు ఒక 2 టీబీ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులో ఉన్నాయి. మొన్న ఒక పెన్‌డ్రైవ్ సరిచేద్దామని పార్టిషన్లు చేసే ఎఫ్‌డిస్క్ తెరిచి, డిస్కు పేరు ఎప్పటిలాగే ఎస్‌డీబీ అని ఇచ్చాను. ఓ కొట్టి కొత్త టేబుల్, ఎన్ కొట్టి కొత్త పార్టిషన్ చేశాను. ఎర్ర అక్షరాల్లో ఏదో అడిగింది, వై అన్నాను. డబ్ల్యూ కొట్టి డిస్కు మీద రాసేశాక చూస్తే సైజు 1.8 టీ అని ఉంది! అది పెన్‌డ్రైవ్ కాదు, పెళ్లిళ్ల డిస్కు. అక్కడితో ఆపేశాను. ఫార్మాట్ మాత్రం చెయ్యలేదు. మూడు ఇళ్ల నుంచి ఆల్బమ్ ఎప్పుడిస్తారని ఫోన్లు. నిద్ర పట్టడం లేదు.

జవాబు: ముందు కాస్త మజ్జిగ తాగండి. ఫార్మాట్ చెయ్యకుండా ఆపేశారు చూడండి, అదే మిమ్మల్ని కాపాడింది.

మీరు చెరిపింది ఎంతో తెలుసా? పాత పద్ధతి డిస్కుల్లో, అంటే ఎంబీఆర్ అనే పద్ధతిలో, మొదటి సెక్టారు 512 బైట్లు. అందులో పార్టిషన్ల లెక్క రాసుండేది 64 బైట్లే. ఒక్కో వరస 16 బైట్లు, మొత్తం నాలుగు వరసలు. ప్రైమరీ పార్టిషన్లు నాలుగుకు మించి ఎందుకు కావంటే కారణం అదే, కాగితంలో చోటు లేదు. రెండు లక్షల కోట్ల బైట్ల డిస్కులో మీరు మార్చింది ఆ చిన్న చీటీ. పెళ్లికూతుళ్లు, అప్పగింతలు, అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి.

ఎర్ర అక్షరాల సంగతి. ఈ చోట ఇంతకుముందే ఒక ఫైల్ సిస్టమ్ (ఫైళ్లను అమర్చే పద్ధతి) గుర్తు ఉంది, దాన్ని చెరిపెయ్యమంటావా అని ఎఫ్‌డిస్క్ అడిగింది. మీరు సరే అన్నారు. మీ డిస్కులోది విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ అనుకుంటున్నాను, ఆల్బమ్ డిజైన్ చేసేవాళ్లు ఎక్కువగా విండోస్ మీద ఉంటారు కాబట్టి. అయితే పార్టిషన్ మొదట్లో ఉండే బూట్ సెక్టారులో నాలుగు అక్షరాలు చెరిగి ఉంటాయి. దానికీ మందు ఉంది. ఎన్‌టీఎఫ్‌ఎస్ ఆ బూట్ సెక్టారుకు ఒక నకలు తీసి పార్టిషన్ చిట్టచివర దాచుకుంటుంది.

ఇప్పుడు చెయ్యకూడనివి. ఆ డిస్కును విండోస్ కంప్యూటరుకు పెడితే "ఫార్మాట్ చెయ్యమంటారా" అని మర్యాదగా అడుగుతుంది. ఆ మర్యాదకు లొంగకండి. ఎవరో చెప్పారని ఎఫ్‌ఎస్‌సీకే గానీ చెక్ డిస్క్ గానీ నడపకండి. టేబుల్ తప్పుగా ఉన్నప్పుడు మరమ్మతు చేసే ప్రోగ్రాము పక్కవాడి మడిలో నాగలి దించుతుంది.

చెయ్యాల్సింది: ఖాళీగా ఉన్న ఇంకో డిస్కు కొనండి. మీ పాత డిస్కులో ఎన్ని బైట్లున్నాయో కొత్తదాంట్లో కనీసం అన్ని ఉండాలి. ఖర్చేనండీ, కానీ మూడు కుటుంబాల కోపం కన్నా చవక. డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాముతో పాతదాన్ని ఉన్నదున్నట్టు కొత్తదాంట్లోకి దించండి. సెకనుకు 100 ఎంబీ చొప్పున నడిచినా ఐదారు గంటలు పడుతుంది. ఆషాఢమే కదా, ముహూర్తాలు లేవు. ఏది సోర్సు, ఏది గమ్యం అన్నది రెండుసార్లు కాదు, నాలుగుసార్లు చూసుకోండి. ఇక్కడ అటూ ఇటూ అయితే నేనే కాదు, ఎవరూ ఏమీ చెయ్యలేరు.

తర్వాత పని అంతా నకలు మీదే. పోయిన పార్టిషన్లను వెతికే టెస్ట్‌డిస్క్ తెరవండి. డిస్కు ఎంచుకుని, టేబుల్ రకం దగ్గర ఇంటెల్ అని పెట్టి, అనలైజ్, ఆ తర్వాత క్విక్ సెర్చ్. అది డిస్కంతా తిరిగి, పాత గట్లు, అంటే పార్టిషన్ల హద్దులు, ఎక్కడున్నాయో చూపిస్తుంది. కనపడిన వరస మీద నిలబడి పీ నొక్కితే లోపలి ఫోల్డర్లు కనపడతాయి. మీ పెళ్లిళ్ల పేర్లు కనపడ్డాయా, అప్పుడు రైట్ చెయ్యండి. వరస దొరికి ఫోల్డర్లు కనపడకపోతే, అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లి బూట్, అక్కడ బ్యాకప్ బీఎస్ అనండి. చివర దాచిన నకలును తెచ్చి ముందు పెడుతుంది.

ఇదీ కుదరకపోతే ఫొటోరెక్ ఉంది. అది గట్లతో పని లేకుండా నేరుగా ఫొటోలను ఏరుతుంది, కెమెరా రా ఫైళ్లతో సహా. కానీ పేర్లు, ఫోల్డర్లు పోతాయి. మూడేళ్ల పెళ్లిళ్లు ఒకే కుప్పలో పడతాయి. ఏ తలంబ్రాలు ఎవరివో తేల్చడానికి మీకు దసరా దాకా పని. అందుకే దాన్ని ఆఖరి దారిగానే చెబుతున్నాను.

ఇదంతా తిరిగే హార్డ్ డిస్కు కాబట్టి ఇంత ధైర్యంగా చెబుతున్నాను. అదే ఎస్‌ఎస్‌డీ అయ్యి, మీరు ఈఎక్స్‌టీ4 (లినక్స్ వాడే ఫైల్ సిస్టమ్) అని ఫార్మాట్ కూడా చేసుంటే నా గొంతు వేరేలా ఉండేది. ఆ ఫార్మాట్ కమాండు వెళ్తూ వెళ్తూ "ఈ గదులన్నీ ఖాళీ, ఊడ్చేసుకో" అని ఎస్‌ఎస్‌డీకి చెప్పి వెళ్తుంది. ఊడ్చాక టెస్ట్‌డిస్క్‌కు దొరికేది సున్నాలే.

ఇంతకీ ఎస్‌డీబీ అనేది ఆ డిస్కు పేరు కాదు. కెర్నెల్‌కు, అంటే లినక్స్ గుండెకాయకు, ఏది ముందు కనపడితే దానికి ఎస్‌డీఏ, తర్వాతదానికి ఎస్‌డీబీ. ధర్మదర్శనం క్యూలో టోకెన్ లాంటిది, నిన్నటి నంబరు ఇవాళ పనికిరాదు. ఏ పని మొదలెట్టే ముందైనా ఎల్‌ఎస్‌బీఎల్‌కే కొట్టి సైజు చూడండి. 32 జీబీ పెన్‌డ్రైవ్‌కూ 2 టీబీ డిస్కుకూ తేడా చదువు రానివాళ్లకూ తెలుస్తుంది. ఇంకా భయముంటే డెవ్ ఫోల్డరులో డిస్క్, దాంట్లో బై ఐడీ అనే చోట కంపెనీ పేరు, సీరియల్ నంబరుతో సహా ఉంటాయి. ఆ పేరుతోనే ఎఫ్‌డిస్క్ తెరవొచ్చు.

ప్రశ్న: మేడం, నేను చిత్తూరులో ఇంజనీరింగ్ సెకండియర్. కొత్త ల్యాప్‌టాప్‌లో విండోస్ పక్కన ఉబుంటు వేద్దామంటే ఇన్‌స్టాలర్‌లో నా 512 జీబీ ఎస్‌ఎస్‌డీ కనిపించడమే లేదు. పెన్‌డ్రైవ్ ఒక్కటే చూపిస్తోంది. బయాస్‌లో (కంప్యూటరు లేచే ముందు వచ్చే సెట్టింగుల్లో) ఏదో మార్చమని మా సీనియర్ అన్నాడు. మారిస్తే విండోస్ నీలం తెర పడింది. భయపడి మళ్లీ పాతదే పెట్టేశా.

జవాబు: మీ సీనియర్ చెప్పింది నిజమే, సగం చెప్పాడు.

చాలా ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో డిస్కును ఆర్‌ఎస్‌టీ అనే రెయిడ్ పద్ధతిలో పెట్టి పంపుతారు. కొన్నింటిలో ఆ మెనూ పేరు వీఎండీ. ఉబుంటు ఇన్‌స్టాలరుకు డిస్కు నేరుగా కనపడాలంటే దాన్ని ఏహెచ్‌సీఐ అనే మామూలు పద్ధతికి మార్చాలి. అయితే విండోస్ పాత డ్రైవరుతో లేవడానికి అలవాటు పడి ఉంది. ఒక్కసారిగా మారిస్తే తలుపు ఎక్కడుందో తెలియక పడిపోతుంది. నువ్వు చూసిన నీలం తెర అదే.

దానికి ముందుగా చెప్పి మార్చాలి. విండోస్‌లో ఉండగానే మొదట బిట్‌లాకర్ (డిస్కుకు విండోస్ వేసే తాళం) రికవరీ కీ తీసి కాగితం మీద రాసుకో. 48 అంకెలుంటాయి. అది ఆన్ అయి ఉందని చాలామందికి తెలియను కూడా తెలియదు. మైక్రోసాఫ్ట్ ఖాతా పాస్‌వర్డ్ కూడా గుర్తుందో లేదో చూసుకో, పిన్ను నమ్ముకోకు. తర్వాత ఎంఎస్ కాన్ఫిగ్ తెరిచి, బూట్ ట్యాబులో సేఫ్ బూట్ టిక్ పెట్టి రీస్టార్ట్ చెయ్యి. లేచేలోపే బయాస్‌లోకి వెళ్లి ఏహెచ్‌సీఐ పెట్టు. విండోస్ సేఫ్ మోడ్‌లో లేస్తుంది, లేస్తూ కొత్త డ్రైవరు తగిలించుకుంటుంది. ఆ టిక్ తీసేసి మళ్లీ రీస్టార్ట్. అంతే, విండోస్ మామూలుగా వస్తుంది, ఉబుంటుకు డిస్కూ కనపడుతుంది.

రెండు విషయాలు. విండోస్ చోటు తగ్గించే పని విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌తోనే చెయ్యి, ఫాస్ట్ స్టార్టప్ ఆపేసి మరీ. లేకపోతే విండోస్ పూర్తిగా పడుకోదు, ఒక కన్ను తెరిచే ఉంటుంది. అలాంటప్పుడు దాని పార్టిషన్‌ను లినక్స్ చదవనిస్తుందే గానీ రాయనివ్వదు. ఇక ఇన్‌స్టాలరులో ఈఎఫ్‌ఐ పార్టిషన్ ఇప్పటికే ఒకటి ఉంటుంది, దాన్నే వాడుకో. కొత్తది చెయ్యకు, పాతది ఫార్మాట్ అసలే చెయ్యకు. దాంట్లో విండోస్ లేచే ఫైళ్లున్నాయి. నీలాంటి వాళ్లు అది చిన్నగా ఉంది కదా అని చెరిపేసి, మా ల్యాబుకు ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని వచ్చేవాళ్లు. ఏడుపు మొహాలు ఇప్పటికీ గుర్తే.

ప్రశ్న: నమస్కారం మేడం. చిత్తూరులో ఒక బెల్లం మండీలో నేను లెక్కలు రాస్తాను. మా కంప్యూటరులో ఉన్నది డెబియన్ లినక్స్. రోజూ రాత్రి లెక్కలు ఒక బయటి డిస్కులోకి కాపీ అయ్యేలా మా బంధువుల అబ్బాయి ఏర్పాటు చేశాడు. మా షావుకారు ఆ డిస్కును భద్రంగా ఉంటుందని ఇంటికి తీసుకెళ్లడం మొదలుపెట్టాడు. ఆ మర్నాటి నుంచి పొద్దున ఆన్ చేస్తే ఒకటిన్నర నిమిషం ఆగి, ఎమర్జెన్సీ మోడ్ అంటూ నల్ల తెర వస్తోంది. డిస్కు తగిలిస్తే బాగానే లేస్తోంది. ఆయన పదింటికి గానీ రాడు, రైతులు ఏడింటికే వస్తారు.

జవాబు: షావుకారుది తప్పు కాదు, డిస్కును వేరే చోట పెట్టడం మంచి అలవాటు. మీ బంధువుల అబ్బాయి ఒక్క మాట రాయడం మరిచాడు.

ఈటీసీ ఫోల్డరులో ఎఫ్‌ఎస్‌ట్యాబ్ అనే ఫైలుంది. యంత్రం లేవగానే ఏ పార్టిషన్ ఎక్కడ తగిలించాలో అందులో రాసి ఉంటుంది. అందులో రాసిన ప్రతిదీ తప్పనిసరి అని లినక్స్ అనుకుంటుంది. డిస్కు రాకపోతే 90 సెకన్లు ఎదురుచూసి, ఇక నా వల్ల కాదని నల్ల తెర పడేస్తుంది. పెళ్లికొడుకు రాలేదని ముహూర్తం ఆపితే అర్థముంది, మేనమామ రాలేదని ఆపకూడదు కదా. ఎవరు మేనమామో మీరు రాసి చెప్పాలి. ఆ మాట నోఫెయిల్.

నల్ల తెర మీద రూట్ (అన్ని హక్కులున్న ఖాతా) పాస్‌వర్డ్ అడుగుతుంది, ఇవ్వండి. ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌ను నానో అనే ఎడిటరుతో తెరిచి బయటి డిస్కు వరస ముందు హ్యాష్ గుర్తు పెట్టి సేవ్ చెయ్యండి. సేవ్ కానివ్వకపోతే ముందు మౌంట్ మైనస్ ఓ రీమౌంట్ కామా ఆర్‌డబ్ల్యూ స్లాష్ అని కొట్టాలి. రీస్టార్ట్ చేస్తే డిస్కు లేకుండానే లేస్తుంది. ఉబుంటులో అయితే రూట్ ఖాతాకు తాళం వేసి ఉంటుంది, ఇవ్వడానికి పాస్‌వర్డ్ ఉండదు. ఆ తెర లోపలికి రానివ్వకపోతే లైవ్ పెన్‌డ్రైవ్‌తో (డిస్కుతో పని లేకుండా తానే లేచే లినక్స్ ఉన్నది) లేపి ఆ ఫైలు దిద్దాలి.

తీరిక దొరికినప్పుడు ఆ వరసను సరిగ్గా రాసుకోండి. ఎస్‌డీబీ1 అని ఉంటే తీసేసి, బీఎల్‌కేఐడీ కొట్టితే వచ్చే యూయూఐడీ (ఆ పార్టిషన్ గుర్తింపు నంబరు) రాయండి. ఆప్షన్ల చోట డీఫాల్ట్స్ తర్వాత కామా పెట్టి నోఫెయిల్ చేర్చండి. దిద్దాక ఫైండ్‌ఎంఎన్‌టీ మైనస్ మైనస్ వెరిఫై కొడితే వరసలో తప్పుంటే చెబుతుంది. రీస్టార్ట్ చేసి తెలుసుకోవడం కన్నా ఇది మేలు.

మీరు అడగని విషయం ఒకటి చెప్పాలి, నాకు అసలు టెన్షన్ అక్కడే. నోఫెయిల్ పెట్టాక డిస్కు లేకపోయినా కంప్యూటరు లేస్తుంది. రాత్రి కాపీ పని కూడా తన టైముకు నడుస్తుంది. డిస్కు తగిలించాల్సిన ఫోల్డరు ఖాళీగా ఉంటుంది, లెక్కలన్నీ అందులోకే రాసేస్తుంది. అంటే అసలు కాపీ, నకలు రెండూ ఒకే డిస్కులో. పైగా ఆ డిస్కు నిండిపోతుంది. మర్నాడు బయటి డిస్కు తగిలించగానే ఆ ఫైళ్లు దాని కింద కప్పుకుపోతాయి, కంటికి కనపడవు. చోటు ఏమైందో ఎవరికీ అర్థం కాదు. అందుకని కాపీ స్క్రిప్టు మొదటి వరసలోనే మౌంట్‌పాయింట్ కమాండుతో డిస్కు నిజంగా తగిలి ఉందో లేదో అడిగి, లేకపోతే ఆగిపొమ్మని రాయించండి. ఆ అబ్బాయికి ఐదు నిమిషాల పని. షావుకారు సాయంత్రం డిస్కు తెచ్చి, పొద్దున తీసుకెళ్లేలా మాట్లాడుకోవడం మీ పని, అది కొంచెం కష్టమేమో!

ప్రశ్న: అక్కా, నేను కొర్లగుంటలో ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని చేస్తాను. ఉబుంటు వేసేటప్పుడు రూట్ పార్టిషన్‌కు (సిస్టమ్ ఉండే చోటు) 30 జీబీ, దాని పక్కనే హోమ్‌కు (నా ఫైళ్లు ఉండే చోటు) 200 జీబీ ఇచ్చాను. రూట్ నిండిపోయింది, హోమ్‌లో 140 ఖాళీగా ఉంది. పార్టిషన్లు జరిపే జీపార్టెడ్‌తో హోమ్ నుంచి 50 తీసి రూట్‌కు కలపొచ్చా? వీడియోలో చూస్తే గీత పట్టుకుని జరిపితే చాలన్నట్టుంది.

జవాబు: గీత జరపడం చిటికెలో పని, దాని కింద మన్ను మొయ్యడమే పని. హోమ్ కుడి అంచు తగ్గిస్తే సులభం. నీకు కావాల్సింది ఎడమ అంచు జరగడం. అంటే హోమ్‌లో ఉన్న 60 జీబీ మొత్తాన్నీ ఒక్కో ముక్కా తీసి 50 జీబీ అవతలికి నడిపించాలి. మధ్యలో ఆగితే సగం పాత చోట, సగం కొత్త చోట. అడంగల్‌లో మాత్రం ఒక్క హద్దే రాసుంటుంది.

నాకు జరిగింది చెబుతా. 2008 మే నెలలో మా ల్యాబు సర్వరుకు నేను ఇదే పని పెట్టి, భోజనానికి వెళ్లాను. యూపీఎస్ ఉందన్న ధీమా. కరెంటు పోయింది, యూపీఎస్ బ్యాటరీలు ముసలివి, పది నిమిషాల్లో అదీ పోయింది. పిల్లల ప్రాజెక్టు ఫైళ్లలో సగం చేతికి రాలేదు. ముందురోజు తీసిన సీడీ కాపీలు ఉండబట్టి నా ఉద్యోగం నిలిచింది. ఆ సీడీలు తీసింది నేను కాదు, అటెండరు. నేనే వద్దన్నా వినకుండా తీశాడు.

కాబట్టి ముందు రూట్‌ను ఏది మింగుతోందో చూడు. స్లాష్ దగ్గర, అంటే రూట్ మొదట్లో, నిలబడి సూడో డీయూ మైనస్ ఎక్స్‌హెచ్, మ్యాక్స్ డెప్త్ 1 అని అడుగు. ఎక్స్ పెడితే పక్క పార్టిషన్లలోకి తొంగిచూడదు. నువ్వు టెస్టింగ్ అంటున్నావు కాబట్టి నా అనుమానం వార్ లిబ్ డాకర్ ఫోల్డరు మీద, డాకర్ అనే ప్రోగ్రాము తన సరుకు పెట్టుకునేది అక్కడే. అదే అయితే దాని డేటా రూట్‌ను హోమ్‌లోకి మార్చెయ్, డాకర్ డీమన్ జేసన్ ఫైలులో ఒక్క వరస. గట్టు ముట్టుకోనవసరమే లేదు. పాత కెర్నెళ్లు ఆప్ట్ ఆటోరిమూవ్‌తో పోతాయి. జర్నల్ లాగులు (సిస్టమ్ తన పనులు రాసుకునే ఫైళ్లు) ఎక్కువుంటే జర్నల్‌సీటీఎల్‌కు వ్యాక్యూమ్ సైజు 200ఎం అని చెప్పు, ఈ ఎం మాత్రం పెద్దక్షరం.

ఒక్కోసారి డీఎఫ్ (పార్టిషన్ ఎంత నిండిందో చెప్పే కమాండు) నిండిందంటుంది, డీయూ ఫైళ్లన్నీ కూడితే అంత ఉండదు. అప్పుడు ఎవరో పెద్ద లాగు ఫైలు చెరిపేశారు, కానీ దాన్ని తెరిచిన ప్రోగ్రాము ఇంకా పట్టుకునే ఉంది అని అర్థం. ఎల్‌ఎస్‌ఓఎఫ్ ప్లస్ ఎల్1 (ప్లస్ పక్కన ఎల్ పెద్దక్షరం) కొడితే ఎవరో తెలుస్తుంది, ఆ ప్రోగ్రాము రీస్టార్ట్ చేస్తే చోటు వచ్చేస్తుంది. చోటు ఉన్నా రాయనివ్వకపోతే డీఎఫ్ మైనస్ ఐ చూడు, ఐనోడ్లు (ఒక్కో ఫైలుకు ఒక్కో చీటీ) అయిపోయి ఉండొచ్చు. లక్షల్లో బుల్లి ఫైళ్లుంటే అలా అవుతుంది.

ఇవన్నీ చేసినా చాలకపోతే అప్పుడు జరుపు. హోమ్ మొత్తం బయటి డిస్కులో కాపీ ఉండాలి, లైవ్ పెన్‌డ్రైవ్ నుంచి లేపాలి, ఛార్జర్ తగిలించి ఉండాలి. ల్యాప్‌టాప్ బ్యాటరీ బాగుంటే దాని కన్నా మంచి యూపీఎస్ లేదు. మూత మాత్రం మూయకు, నిద్రపోతుంది. నువ్వు కూడా భోజనానికి వెళ్లకు తల్లీ.

ప్రశ్న: మేడం, యూనివర్సిటీ దగ్గర రూములో ఉంటాను. లినక్స్ లాంటి ఇంకో సిస్టమ్, ఫ్రీబీఎస్‌డీ నేర్చుకుంటున్నాను. 128 జీబీ ఎస్‌ఎస్‌డీ నుంచి 256 జీబీ దాంట్లోకి డీడీ కమాండుతో మొత్తం కాపీ చేశాను. బాగానే లేస్తోంది. కానీ పార్టిషన్లు చూపే జీపార్ట్ షో కొడితే పక్కన కరప్ట్ అని చూపిస్తోంది. కొత్త చోటు కూడా కనిపించడం లేదు. కాపీ చెడిందా?

జవాబు: తిరుపతిలో ఫ్రీబీఎస్‌డీ ప్రశ్న! నాకు ఈ నెలంతా ఇది చాలు.

కాపీ చెడలేదు. నీ డిస్కు జీపీటీ పద్ధతిది, ఎంబీఆర్ తర్వాత వచ్చిన కొత్త పద్ధతి. జీపీటీ తన లెక్కను రెండు చోట్ల రాస్తుంది, ఒకటి డిస్కు మొదట్లో, ఇంకొకటి చిట్టచివర. మా నాన్న అడంగల్ ఒక ప్రతి ఇంట్లో, ఒక ప్రతి తాలూకా ఆఫీసులో ఉన్నట్టు. నువ్వు చిన్న డిస్కును పెద్దదాంట్లోకి పోశావు కాబట్టి చివర ఉండాల్సిన ప్రతి నట్టనడుమ పడింది. సిస్టమ్ చివరికి వెళ్లి చూస్తే అక్కడ ఏమీ లేదు, అందుకే కరప్ట్ అంటోంది. జీపార్ట్ రికవర్ ఏడీఏ0 (అది డిస్కు పేరు) అని కొట్టు, రెండో ప్రతిని సరైన చోట రాసుకుంటుంది, ఖాళీ చోటూ కనపడుతుంది. అంతకుముందే జీపార్ట్ బ్యాకప్ ఏడీఏ0 అని కొట్టి ఆ వచ్చిన నాలుగు వరసలు పెన్‌డ్రైవ్‌లో దాచుకో. లినక్స్ వాళ్లకు ఎస్‌ఎఫ్‌డిస్క్ మైనస్ డీ ఇదే పని చేస్తుంది. స్టూడియో ఆయన దగ్గర ఆ చీటీ ఉండుంటే పై జవాబులో సగం రాయాల్సిన పని ఉండేది కాదు.

చోటు పెంచేటప్పుడు ఒక అడ్డు వస్తుంది. ఇన్‌స్టాలరు తానే వేసిన యూఎఫ్‌ఎస్ (ఫ్రీబీఎస్‌డీ ఫైల్ సిస్టమ్) అమరికలో రూట్ తర్వాత స్వాప్ (మెమరీ చాలనప్పుడు వాడే చోటు) ఉంటుంది. ఖాళీ చోటు స్వాప్ అవతల. కాబట్టి స్వాప్‌ఆఫ్ చేసి, స్వాప్ పార్టిషన్ తీసేసి, చివర కొత్త స్వాప్‌కు నాలుగు జీబీ వదిలి రూట్‌ను జీపార్ట్ రీసైజ్‌తో పెంచు. అప్పుడు గ్రో ఎఫ్‌ఎస్. గట్టు జరిపితే చాలదు, లోపలి ఫైల్ సిస్టమ్‌కు కూడా నీ పొలం పెరిగిందని చెప్పాలి. లినక్స్‌లో ఈఎక్స్‌టీ4కు ఆ మాట చెప్పేది రీసైజ్2ఎఫ్‌ఎస్. ఆఖర్న ఆ వదిలిన చోట స్వాప్ మళ్లీ చేసుకో, ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో దాని పేరు మారిందేమో చూసుకో.

పాత పుస్తకాల్లో స్లైస్ అనే మాట చూసి కంగారు పడొద్దు. ఎంబీఆర్ డిస్కుల మీద మిగతావాళ్లు పార్టిషన్ అనేదాన్ని బీఎస్‌డీ వాళ్లు స్లైస్ అంటారు, దాని లోపల ఏ, బీ అని చేసే ముక్కల్ని పార్టిషన్లంటారు. సర్వే నంబరు, దాంట్లో సబ్ డివిజన్. నీది జీపీటీ, నీకు ఆ బాధ లేదు.

ప్రశ్న: అమ్మా, నేను పుత్తూరులో రిటైరైన లెక్కల మాస్టారిని. 1 టీబీ డిస్కు అని బిల్లు రాసిచ్చారు. లినక్స్‌లో పెడితే 931 అని చూపిస్తోంది. ఫార్మాట్ చేశాక రాసుకోవడానికి ఇంకా తక్కువ ఉందంటోంది. షాపువాడు మోసం చేశాడా? వెళ్లి అడగమంటారా?

జవాబు: మాస్టారూ, మీకు లెక్క చెప్పడమంటే నాకు చెయ్యి వణుకుతోంది. కంపెనీవాళ్లు టీబీ అంటే లక్ష కోట్ల బైట్లు, పది పక్కన పన్నెండో ఘాతం. కంప్యూటరు జీబీ అన్నప్పుడు రెండు పక్కన ముప్పయ్యో ఘాతం, అంటే 1,07,37,41,824 బైట్లు. ఆ మొదటిదాన్ని దీంతో భాగించండి, 931 వస్తుంది. బైటు కూడా పోలేదు, కొలపాత్ర మారింది.

ఆ తర్వాత తగ్గినదాంట్లో పెద్ద వాటా ఈఎక్స్‌టీ4ది. అది అడగకుండానే నూటికి ఐదు వంతులు రూట్ ఖాతా కోసం పక్కన పెడుతుంది. మీ డిస్కులో అది 46 జీబీకి పైనే. సిస్టమ్ ఉన్న పార్టిషన్‌లో అది అవసరం, డిస్కు పూర్తిగా నిండినా యంత్రం ఊపిరి తీసుకుంటుంది. మీ డిస్కులో పాటలు, మనవల ఫొటోలు మాత్రమే అయితే ట్యూన్2ఎఫ్‌ఎస్ మైనస్ ఎం 0 అని కొట్టి ఆ వాటా వెనక్కి తీసుకోవచ్చు, ఉన్న ఫైళ్లకేమీ కాదు. షాపుకు వెళ్లకండి. బిల్లు మాత్రం పారెయ్యొద్దు, వారంటీకి కావాలి.